నగర సూక్ష్మ వాతావరణ నమూనాలు: ఇంటి చల్లదనానికి, విద్యుత్ ఆదాకు వ్యవసాయ వాతావరణ శాస్త్రం

వేసవిలో సూర్యుడు అస్తమించిన తరువాత ఊరి వెలుపలి మెట్ట పొలాలు త్వరగా చల్లబడతాయి. నగరంలోని కాంక్రీటు గోడలు, తారు రోడ్లు మాత్రం పగలు దాచుకున్న వేడిని అర్ధరాత్రి దాటేవరకు వదులుతూనే ఉంటాయి. ఏసీ ఉన్న ఇంటికి ఇది అదనపు కరెంటు బిల్లు. పగలంతా ఎండలో పనిచేసి రేకుల ఇంటికి చేరే కూలీకి ఇది నిద్రలేని రాత్రి; మరుసటి రోజు వడదెబ్బ ముప్పు. అందుచేత నగరంలో వేడి ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు నిలుస్తున్నదో లెక్కకట్టడం కేవలం ఇంజనీర్ల విషయం కాదు. పైరు చుట్టూ ఉండే గాలిని, తేమను, వికిరణాన్ని దశాబ్దాలుగా కొలుస్తున్న వ్యవసాయ వాతావరణ శాస్త్రానికి ఇందులో ప్రధాన పాత్ర ఉంది.

ఒక కేంద్రం, అనేక వాతావరణాలు

వాతావరణ కేంద్రాన్ని సాధారణంగా గడ్డి ఉన్న ఆరుబయట నెలకొల్పుతారు. హైదరాబాదులో బేగంపేట విమానాశ్రయ కేంద్రం నమోదు చేసే ఉష్ణోగ్రత ఆ మైదానానికి సరైనదే. పాతబస్తీలోని ఇరుకు గల్లీకి గాని, అద్దాల మేడల మధ్య ఉన్న వెడల్పాటి రోడ్డుకు గాని అది యథాతథంగా వర్తించదు. అయినా భవనాల విద్యుత్ అవసరాన్ని అంచనా వేసేటప్పుడు విమానాశ్రయాల వాతావరణ గణాంకాలనే ఎక్కువగా వాడుతుంటారు. ఫలితంగా రాత్రివేళ శీతలీకరణ అవసరం తక్కువగా లెక్కకు వచ్చే ప్రమాదముంది.

ఈ లోపాన్ని సరిదిద్దేందుకు 2012లో స్టీవర్ట్, ఓక్ అనే శాస్త్రవేత్తలు స్థానిక వాతావరణ మండలాల వర్గీకరణను ప్రతిపాదించారు. కట్టడాల ఎత్తు, ఒత్తు, నేల కప్పు ఆధారంగా ఇందులో 17 తరగతులున్నాయి. వాటిలో 10 కట్టడాలకు, 7 చెట్లు, పైర్లు, బీడు, నీరు వంటి నేల కప్పులకు చెందినవి. నేలలను తరగతులుగా విభజించి ఎరువుల సిఫారసు చేసినట్లే, ఇక్కడ బస్తీలను తరగతులుగా విభజించి చల్లదనపు చర్యలను సిఫారసు చేయవచ్చు.

నమూనా పనిచేసే విధానం

అన్ని నమూనాలకు మూలం ఉష్ణ జమాఖర్చు. నేలకు చేరిన నికర వికిరణానికి వాహనాలు, ఏసీలు, వంటిళ్లు విడిచే వేడి తోడవుతుంది. ఈ మొత్తం మూడు దారుల్లో ఖర్చవుతుంది: కొంత గాలిని వేడెక్కిస్తుంది, కొంత నీటిని ఆవిరి చేస్తుంది, మిగిలినది గోడల్లో, నేలలో నిల్వ ఉంటుంది. తడి ఉన్న వరి పొలంలో రెండో పద్దు పెద్దది. నగరంలో మొదటి, మూడో పద్దులు పెరుగుతాయి.

2000లో ఫ్రాన్సుకు చెందిన వాలెరీ మాసన్ ప్రచురించిన నగర ఉష్ణ సమతుల్య నమూనా వీధిని రెండు గోడల నడుమ కాలువగా భావించి కప్పు, గోడ, రోడ్డు ఉష్ణోగ్రతలను వేరువేరుగా గణిస్తుంది. ఇది నగర స్థాయికి తగినది. వీధి స్థాయిలో, జర్మనీలో మైఖేల్ బ్రూస్ రూపొందించిన ఎన్వీమెట్ విస్తృతంగా వాడుకలో ఉంది. ఇది స్థలాన్ని కొద్ది మీటర్ల గళ్లుగా విభజించి గాలి కదలిక, నీడ, నేల తేమ, ఆకుల బాష్పోత్సేకాలను కలిపి లెక్కిస్తుంది. గాలి ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగంతోపాటు చుట్టూ ఉన్న ఉపరితలాల నుంచి మనిషిపై పడే వికిరణాన్ని కూడా తీసుకుంటేనే సౌఖ్యం ఎంతో తెలుస్తుంది. ఒకే ఉష్ణోగ్రత వద్ద వేపచెట్టు నీడకు, కాలిన గోడ పక్కకు ఉన్న తేడా ఇదే.

దేనితో పోల్చాలి?

నగరపు వేడిని పల్లెతో పోల్చడం పరిపాటి. 1818-20లో లండన్ వాతావరణంపై గ్రంథం వెలువరించిన ల్యూక్ హోవార్డ్, నగరం రాత్రివేళ పల్లె కంటే వెచ్చగాను, పగటివేళ స్వల్పంగా చల్లగాను ఉందని గమనించాడు. భారత నగరాలపై ఉపగ్రహ పరిశీలనల్లోనూ, వేసవి పగటివేళ చుట్టూ ఉన్న బీడు భూముల ఉపరితలం నగరం కంటే ఎక్కువ వేడిగా ఉన్న సందర్భాలు కనిపించాయి. కోతలు అయిపోయి, తేమ ఆరిన మెట్ట కమతంలో ఆవిరి కావడానికి నీరే ఉండదు. పగటి అంకెను మాత్రమే చూసి నగరంలో సమస్య లేదనుకోవడం పొరపాటు. చెరువు కింది తరి భూమి కాలనీగా మారితే పగలు, రాత్రి రెండూ వేడెక్కే అవకాశముంది. బీడు మారితే మార్పు ప్రధానంగా రాత్రిది. కనుక ఏ భూమిని ప్లాట్లుగా మార్చాలో నిర్ణయించే ముందు ఈ తేడాను నమూనాతో పరీక్షించాలి.

కప్పు, చెట్టు, ఏసీ

నడి ఎండలో చదరపు మీటరుకు 900 వాట్ల సౌరశక్తి పడుతున్నదనుకుందాం. అందులో 20 శాతాన్ని మాత్రమే తిప్పికొట్టే కాంక్రీటు కప్పు 720 వాట్లను గ్రహిస్తుంది. 70 శాతాన్ని తిప్పికొట్టే తెల్లని కప్పు 270 వాట్లను గ్రహిస్తుంది. పాత మిద్దెలకు సున్నం వేయడంలోని ప్రయోజనం ఇదే. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన చల్లని కప్పుల విధానం 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులను లక్ష్యంగా పెట్టుకుంది. అయితే దుమ్ము పేరుకుంటే పరావర్తనం తగ్గుతుంది. వేసవికి ముందు కడగడం, అవసరమైతే తిరిగి పూత వేయడం తప్పనిసరి.

ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2.45 మెగాజౌళ్ల ఉష్ణం కావాలి. ఒక పెద్ద చెట్టు రోజుకు 100 లీటర్లు ఆవిరి చేస్తే 245 మెగాజౌళ్లు, అంటే దాదాపు 68 యూనిట్ల ఉష్ణం ఖర్చవుతుంది. ఈ చల్లదనం ఆరుబయటి గాలిలో కలిసిపోతుంది గనుక దాన్ని ఏసీకి సమానమనలేము. మనిషికి వెంటనే అందేది నీడ. వేరుకు తేమ అందకపోతే పత్రరంధ్రాలు ముడుచుకుంటాయి, అప్పుడు మిగిలేదీ నీడే. పొడి గాలి వీచే హైదరాబాదులో ఆవిరి మేలు చేస్తుంది. విశాఖపట్నం వంటి తీర నగరంలో గాలిలో తేమ ముందే ఎక్కువ కనుక సముద్రపు గాలిని అడ్డుకోని విధంగా చెట్ల వరుసలు ఉండాలి. ఇరుకు వీధిని కొమ్మలు పూర్తిగా కప్పేస్తే రాత్రి వేడి, వాహనాల పొగ కిందనే నిలిచిపోతాయి.

ఏసీ వేడిని నశింపజేయదు, వీధిలోకి నెడుతుంది. ఒక యూనిట్ విద్యుత్తుతో గది నుంచి మూడు యూనిట్ల ఉష్ణాన్ని తీసే యంత్రం బయటికి నాలుగు యూనిట్లు వదులుతుంది. వీధి వేడెక్కితే పక్కింటి ఏసీకి భారం పెరుగుతుంది. ఏసీ లేని ఇంటికి వేడి మాత్రమే మిగులుతుంది. ఏసీలో ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్ ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ సూచిస్తున్నది. 2020 నుంచి స్టార్ గుర్తు గల గది ఏసీలకు 24 డిగ్రీలను ప్రారంభ అమరికగా నిర్దేశించారు.

వ్యవసాయ పరిశోధన చేయవలసినది

పంట నమూనాను క్షేత్ర ఫలితాలతో సరిచూడకుండా రైతుకు సిఫారసు చేయరు. నగర నమూనాకూ ఇదే నియమం వర్తించాలి. గల్లీలో, కప్పు మీద, పార్కులో, పొలంలో ఒకేసారి కొలతలు తీసి, పగటి, రాత్రి లోపాలను విడివిడిగా చూపాలి. సరిచూసిన నమూనాను కూడా కచ్చితమైన జోస్యంగా కాక, ప్రత్యామ్నాయాలను పోల్చే సాధనంగానే వాడటం మేలు.

వేప, కానుగ, చింత, రావి చెట్ల పత్ర విస్తీర్ణ సూచిక, నెలవారీ ఆకురాలు, నీటి అవసరం వంటి వివరాలను ఈ నమూనాలకు అందించగల నైపుణ్యం వ్యవసాయ, ఉద్యాన శాస్త్రవేత్తలకుంది. మే నెలలో ఆకు నిలిపి, తక్కువ నీటితో బతికే చెట్టును ఎంచి ఇవ్వడం వారి పని. ఆ చెట్లు, తెల్లని కప్పులు ముందుగా ఏ బస్తీకి చేరాలో నమూనా చెప్పగలదు. ఆ వరుసలో రేకుల ఇళ్లు మొదట ఉన్నప్పుడే ఈ గణనకు సార్థకత.