ఫ్లాటు మనది, మరి మెట్లు ఎవరివి?

సబ్బుబిళ్ళ బాగాలేకపోతే ఇంకోటి కొనుక్కుంటాం. ఇల్లు అలా కాదు. మధ్యతరగతి మనిషి జీవితకాలపు కష్టార్జితమంతా అందులోనే పోస్తాడు. అయినా కాగితాలు చదవకుండా సంతకం పెట్టేసేవాళ్ళే ఎక్కువ.

ఫ్లాటు కొన్నవారికి దక్కేది నాలుగు గోడలేనా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1987లో చేసిన అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం, ఫ్లాటుతోపాటు స్థలంలోనూ, మెట్లు, లిఫ్టు వంటి ఉమ్మడి భాగాల్లోనూ అవిభక్త వాటా వస్తుంది. ఫ్లాటు అమ్మితే ఆ వాటా కూడా దానివెంటే పోతుంది. రెంటినీ విడదీయడం కుదరదు. కాబట్టి ఉమ్మడి భాగాన్ని బిల్డరు వేరొకరికి అమ్మజూపితే నోరు మూసుకోనక్కరలేదు.

మరి ఫిర్యాదు ఎక్కడ? 1993 సవరణతో గృహనిర్మాణం కూడా వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. 2016లో పార్లమెంటు చేసిన రెరా చట్టం ఇంకో మెట్టు ముందుకెళ్ళింది. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఇల్లు అప్పగించిన 5 ఏళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడి, ఆయన దృష్టికి తెస్తే, 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగుచేయాలి.

ఇవన్నీ అడగాలంటే ఇరుగుపొరుగులు కలిసి సంఘంగా ఏర్పడాలి. విద్యార్థి మిత్రులారా! ఈ వేసవి సెలవుల్లో మీ ఇంటి దస్తావేజు ఒక్కసారి తీసి, ఉమ్మడి వాటా ఎంత రాశారో చూడండి.