బిడ్డ మెదడు చిత్రం ఏమి చెబుతుంది?

ఏడాది దాటినా బిడ్డ కూర్చోలేకపోతే, కాళ్లు కత్తెరలా బిగుసుకుపోతుంటే మన ఇళ్లలో మొదటి మాట తల్లిమీదనే పడుతుంది. గ్రహణంనాడు కదిలిందంటారు, లేదా పురుడు పోసినవారిని తిడతారు. ఎదిగే మెదడుకు హాని కలిగి, అవయవాలు అదుపు తప్పే ఈ స్థితినే వైద్యులు సెరిబ్రల్ పాల్సీ అంటారు.

దీనికి కష్టమైన కాన్పే ముఖ్యకారణమని 1861లో లండన్ వైద్యుడు విలియం జాన్ లిటిల్ చెప్పారు. దోషం గర్భంలోనే మొదలై ఉండవచ్చునని 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్ (అవును, కలల ఫ్రాయిడే) అన్నారు. లోపలికి చూచి తేల్చే సాధనం అప్పుడు లేదు. 1971లో హౌన్స్‌ఫీల్డ్‌గారి సి.టి. యంత్రం లండన్‌లో మొదటి రోగి మెదడును చిత్రించింది. ఆ తరువాత వచ్చిన ఎమ్మారై అయస్కాంతంతో పనిచేస్తుంది. ఎక్స్‌రే కిరణాలు ఉండవు. మాడు పూడని పసివారికి ఆ మెత్తనిచోటునుంచే అల్ట్రాసౌండ్ తీస్తారు.

మెదడులోని నీటిగదుల చుట్టూ తెల్లని పదార్థం దెబ్బతిని కనబడితే, ఆ హాని సాధారణంగా గర్భం 24, 34 వారాల నడుమ తగిలినదని గుర్తు. నెలలు నిండి పుట్టిన బిడ్డలో అది కనబడిందంటే, నొప్పులు రాకముందే జరిగినదన్నమాట. ఇక ఆ తల్లిని అనడానికి ఏమున్నది? ఒక ప్రక్క చేయి, కాలు మాత్రమే పడిపోయినవారిలో తరచు రక్తనాళం మూసుకుపోయిన జాడ ఉంటుంది. పుట్టగానే కామెర్లు విపరీతంగా ముదిరినవారిలో మెదడు లోతట్టు భాగాలు చెడతాయి.

అయితే పదిమందిలో ఒకరిద్దరికి చిత్రంలో ఏ లోపమూ కనబడదు. అంతమాత్రాన జబ్బు లేదని కాదు. బిడ్డ నడుస్తాడా అన్నదీ చిత్రమొక్కటే చెప్పలేదు. దానికోసం ఆగి వ్యాయామచికిత్స వాయిదా వేయడం మాత్రం తప్పే. హాని పెరిగేది కాదు గనుక అప్పు చేసి ఏటేటా తీయించడం మాకు నచ్చదు. వచ్చిన మాట, నడక వెనక్కు పోతుంటే అది వేరు సంగతి. వెంటనే వైద్యునికి చూపాలి.

యంత్రం పెద్దగా మోగుతుంది, బిడ్డ కదలరాదు. చంటివారిని పాలిచ్చి, గుడ్డచుట్టి నిద్రపుచ్చి తీస్తారు. కొంచెం పెద్దవారికి మత్తు కావాలి. ఎంతసేపు ముందునుంచి ఆహారం ఆపాలో అడిగి తెలుసుకోండి.

కాగితాలతో బ్రతికేవాళ్లం కనుక మరొక మాట. నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది. కన్నడమో, తమిళమో, మీకు వచ్చిన భాషలో వైద్యునిచేత చెప్పించుకోండి. ఉద్యోగరీత్యా ఊరు మారినప్పుడు ఫిల్మూ నివేదికా సామాన్లలో వేయక చేతిసంచిలో పెట్టుకోండి.