ఒకటో తారీఖు తలనొప్పి

"డాక్టరుగారూ! ఈ తలనొప్పితో వేగలేకపోతున్నానండీ. కళ్ళు పరీక్ష చేయించుకున్నాను. అద్దాలు మార్చాను. తల స్కానింగు కూడా తీయించాను. ఏ లోపమూ లేదంటున్నారు. మరి ఈ నొప్పి ఎక్కణ్ణుంచి వస్తున్నట్టు?"

ఆయన వయస్సు 34 సంవత్సరాలు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భార్య మాదాపూర్‌లో మరో కంపెనీలో పని చేస్తోంది. ఒక పాప. నల్లగండ్లలో అప్పు చేసి కొన్న ఫ్లాటు. చూసినవాళ్ళకు ఏ లోటూ లేని సంసారం.

రక్తపోటు చూస్తే 150/96 ఉంది. డాక్టరుగారు మాత్ర రాసిచ్చి, దానితోపాటు ఒక చిన్న పని కూడా అప్పగించారు. తలనొప్పి వచ్చిన రోజల్లా కాలెండరు మీద గుర్తు పెట్టమన్నారు. రెండు నెలల తర్వాత కాలెండరు తెచ్చి చూపిస్తే గుర్తులన్నీ దాదాపుగా ఒకటో తారీఖుకూ ఏడో తారీఖుకూ మధ్యనే ఉన్నాయి.

"నెల మొదటి వారంలో మీ ఇంట్లో ఏం జరుగుతుంది బాబూ?" అని అడిగారు డాక్టరుగారు.

ఆయన కాసేపు మాట్లాడలేదు. "జీతాలు వస్తాయండీ. అయిదో తారీఖున ఇంటి వాయిదా పోతుంది. ఆ వారమంతా మా ఇద్దరికీ పోట్లాటే" అన్నాడు.

మరునాడు భార్యను కూడా రమ్మన్నారు. ఆమెకు వేరే బాధలు. రాత్రి నిద్ర పట్టదు, పొద్దున్నే గుండెల్లో మంట. "ఖర్చుల సంగతి అడిగితే అరుస్తారండీ. అడక్కపోతే నాకు భయం" అంది.

కాస్త నిదానంగా మాట్లాడించేసరికి అసలు సంగతులు బయటపడ్డాయి. భర్త షేర్ల బజారులో ఆప్షన్ల వ్యాపారం చేసి నాలుగు లక్షలు పోగొట్టాడు. అది పూడ్చడానికి క్రెడిట్ కార్డులు గీకాడు. భార్యకు చెప్పలేదు. భార్య తణుకులో ఉన్న తల్లిదండ్రులకు నెలకు ఎనిమిది వేలు పంపుతోంది. అదీ భర్తకు చెప్పలేదు. "ఆయన వాళ్ళ నాన్నగారికి పంపేది అందరికీ తెలిసే పంపుతారు. నేను మా నాన్నగారి మందులకు పంపితే ఏమంటారోనని దాచానండీ" అని కళ్ళు తుడుచుకుంది.

ఇద్దరూ చెరొక రహస్యాన్నీ మోస్తున్నారు. నోరు దాచిన సంగతిని శరీరం బయటపెట్టింది.

డబ్బు దిగులు శరీరాన్ని ఏం చేస్తుంది?

మనిషికి పాము ఎదురైనా, అప్పువాడు గుర్తుకొచ్చినా శరీరం ఒకే విధంగా స్పందిస్తుంది. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే రసాయనాలను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి. మెడ, నుదురు కండరాలు పట్టేస్తాయి. తలనొప్పి అక్కణ్ణుంచే. జీర్ణక్రియ మందగిస్తుంది, కడుపులో మంట ఎక్కువవుతుంది. పాము వెళ్ళిపోతే ఇవన్నీ సర్దుకుంటాయి. కాని అప్పు ఇంట్లోనే కాపురం ఉంటుంది! దిగులు నెలల తరబడి సాగితే నిద్ర చెడుతుంది, రక్తపోటు పెరుగుతుంది, ఉన్న మధుమేహం అదుపు తప్పుతుంది.

అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 42 జంటల మీద ఒక పరీక్ష చేసి 2005లో ఫలితాలు ప్రకటించారు. భార్యాభర్తల చేతుల మీద చిన్న పొక్కులు చేసి, అవి ఎంత త్వరగా మానుతాయో చూశారు. సఖ్యంగా మాట్లాడుకున్నప్పటి కంటె అభిప్రాయభేదాల మీద వాదించుకున్నప్పుడు పుండు మానడానికి ఒక రోజు ఎక్కువ పట్టింది. ఎప్పుడూ ద్వేషంగా పోట్లాడుకునే జంటల్లో ఆలస్యం ఇంకా ఎక్కువ. తగాదా మనస్సుతో ఆగదు, చర్మం దాకా పోతుందన్నమాట.

అసలే సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఆరోగ్యం అంతంత మాత్రం. హైదరాబాద్‌లో 345 మంది ఐ.టి. ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రచురించిన పరిశోధనలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరినట్టు తేలింది. కదలకుండా కూర్చునే పని, రాత్రి షిఫ్టులు, వేళాపాళా లేని తిండి. దానికి ఇంటి తగాదా కూడా తోడైతే ఏం మిగులుతుంది?

జీతం కవరు పోయింది

వెనకటి రోజుల్లో జీతం కవరులో వచ్చేది. ఆ కవరు తెచ్చి తల్లి చేతిలోనో, భార్య చేతిలోనో పెట్టేవారు. బియ్యానికింత, పాలకింత, చీటీకింత అని అందరి ఎదుటే లెక్క జరిగేది. ఆ పద్ధతిలోనూ లోపాలు లేకపోలేదు. కాని ఇంట్లో ఎంత ఉందో ఇంట్లోవాళ్ళకు తెలిసేది.

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తర్వాత పాతికేళ్ళలో కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ రూపురేఖలే మారిపోయాయి. ఇప్పుడు ఇంటికి రెండు జీతాలు, రెండు సెల్‌ఫోన్లు, రెండు పాస్‌వర్డులు. జీతం వచ్చినట్టు ఫోను 'టింగు' మంటుంది. వాయిదా పోయినట్టు ఇంకో 'టింగు'. డబ్బు ఎవరి కంటికీ కనబడదు. కనబడనిదాన్ని దాచడం తేలిక.

ఒక్కసారి లెక్క చూద్దాం. 70 లక్షల ఇంటి అప్పు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ళకు తీసుకుంటే నెలకు వాయిదా సుమారు 60,750 రూపాయలు. మొత్తం కట్టేది కోటీ 45 లక్షల పైనే. దీన్ని నమ్మి ఇద్దరి ఉద్యోగాలూ ఉండాలి. ఒకరి కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారని కబురు వస్తే చాలు, ఇద్దరికీ నిద్ర పట్టదు.

క్రెడిట్ కార్డు సంగతి మరీ ఘోరం. నెలకు మూడున్నర శాతం వడ్డీ చొప్పున లక్ష రూపాయల బాకీ ఉండి, కనీస మొత్తమని అయిదు వేలు కట్టారనుకోండి. మూడున్నర వేలు వడ్డీకీ, 630 రూపాయలు ఆ వడ్డీ మీద పన్నుకూ పోతాయి. అసలులో తగ్గేది తొమ్మిది వందలు కూడా ఉండదు! ఇక ఆప్షన్లంటారా? 2021-22 నుంచి మూడేళ్ళ లెక్కలు తీసి సెబి 2024లో చెప్పిందేమిటంటే, ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారం చేసిన మామూలు మదుపుదార్లలో 93 శాతం మంది నష్టపోయారు. అందుచేత మీ ఆయన ఒక్కరే తెలివితక్కువవారని దెప్పకండి. పోయినదాన్ని మళ్ళీ అక్కడే సంపాదిద్దామని మాత్రం ఎవరూ అనుకోకండి.

దంపతులు ఏం చెయ్యాలి?

మొదటిది: నెలకొక రోజు లెక్కలకు కేటాయించండి. రాత్రి పదింటికి, ఆకలి మీద, కోపం మీద వద్దు. రెండో ఆదివారం టిఫిన్లయ్యాక అరగంట చాలు. ఒక మామూలు నోటుపుస్తకం తీసుకుని ఇద్దరి జీతాలు, అప్పులు, కార్డులు, చీటీలు, బంగారం కుదువలు అన్నీ రాయండి. దాచిన అప్పు ఉంటే ఆ రోజే చెప్పండి. విన్నవారు ఆ రోజుకు తిట్టకండి. తిడితే మరుసటిసారి ఇంకొకటి దాస్తారు.

రెండవది: ఉమ్మడి ఖర్చు జీతాల నిష్పత్తిని బట్టి పంచుకోండి. ఒకరికి 1,20,000, ఇంకొకరికి 80,000 వస్తాయనుకోండి. ఇంటి ఖర్చు 1,50,000 అయితే ఒకరు 90,000, ఇంకొకరు 60,000 వెయ్యాలి. మిగిలినది ఎవరిది వారిది. దానికి జమాఖర్చులు అడగవద్దు. ఆమె చీర కొన్నా, ఆయన స్నేహితులకు బిర్యానీ పెట్టించినా మాట అనకూడదు. అయితే పదివేలు దాటిన ఏ ఖర్చయినా ముందు ఒక మాట చెప్పుకోవాలి.

మూడవది: అత్తమామలకు పంపేదీ, అమ్మానాన్నలకు పంపేదీ ఒకే పేజీలో రాయండి. ఆడపిల్లకు పెళ్ళి చేస్తే పుట్టింటి బాధ్యత తీరిపోతుందని చట్టం చెప్పడం లేదు. సంపాదన ఉన్న కూతురు, పెళ్ళయినా సరే, పోషణ లేని తల్లిదండ్రులను చూసుకోవాలని సుప్రీంకోర్టు 1987లోనే తీర్పు చెప్పింది. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టమూ కొడుకునూ, కూతురునూ ఒకటిగానే చూసింది.

నాలుగవది: భార్య నగల జోలికి వెళ్ళేముందు ఆమెను అడగండి. స్త్రీధనం ఆమె సొంతం. కష్టకాలంలో భర్త వాడుకున్నా తిరిగి ఇవ్వవలసిందేనని సుప్రీంకోర్టు 2024లో మళ్ళీ చెప్పింది.

అయిదవది: ఆరు నెలల వాయిదాలకూ, ఇంటి ఖర్చులకూ సరిపడా సొమ్ము బ్యాంకులో విడిగా ఉంచండి. ఒక్కసారి కుదరదు, నెలనెలా కొంత వెయ్యండి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోవచ్చు. సొంత బీమా ఒకటి ఉండటం మంచిది.

ఇక్కడ ఒక హెచ్చరిక. భార్య ఎ.టి.ఎం. కార్డు లాక్కోవడం, జీతం గుంజుకోవడం, చెయ్యి చేసుకోవడం లెక్కల తగాదాలు కావు. 2005 నాటి గృహహింస చట్టం కింద అవి హింసే. మహిళల సహాయానికి 181 నంబరు ఉంది. దిగులుతో బతుకు మీద విరక్తి కలిగితే ఆలస్యం చెయ్యకుండా 14416 కు ఫోను చెయ్యండి. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బులు కట్టనక్కర్లేదు. అలాగే, తలనొప్పులన్నీ డబ్బు నొప్పులే అనుకుని ఇంట్లో కూర్చోకండి. ముందు డాక్టరుకు చూపించుకోండి. రక్తపోటు మాత్రలు మీ అంతట మీరు మానకండి.

ఇంతకీ ఆ దంపతులు ఏమయ్యారంటారా? ఆర్నెల్ల తర్వాత మళ్ళీ వచ్చారు. ఆయన మాత్ర మానలేదు. సాయంత్రం ఇద్దరూ అరగంట నడుస్తున్నారట. రక్తపోటు 130/84 ఉంది. కార్డుల బాకీ ఇంకా సగం మిగిలే ఉంది. తణుకుకు వెళ్ళే ఎనిమిది వేలు ఇప్పుడు ఆయన ఫోను నుంచే వెళుతున్నాయి.

"తలనొప్పి ఎలా ఉంది?" అని అడిగారు డాక్టరుగారు.

"ఈ నెల మొదటి వారం ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వెళ్ళిందో గమనించలేదండీ" అన్నాడాయన.

అప్పు తీరడానికి ఏళ్ళు పడుతుంది. దాన్ని దాచుకోవడం మానడానికి ఒక ఆదివారం చాలు.