పథకం మెసేజ్ మీ ఫోన్‌కు రావడం లేదా? ఇలా సరిచూసుకోండి



"పక్కింటి వాళ్లకు మెసేజ్ వచ్చింది, మాకు రాలేదు. మా పేరు తీసేశారా?" ప్రతి పథకం సొమ్ము విడుదలయ్యాక సచివాలయాల్లో ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇది. మెసేజ్ రానంత మాత్రాన డబ్బు రాలేదని కాదు. డబ్బు బ్యాంకు ద్వారా వస్తుంది, మెసేజ్ ఫోన్ కంపెనీ ద్వారా వస్తుంది. ఈ రెండూ వేర్వేరు దారులు. కాబట్టి ముందు పాస్‌బుక్ ఎంట్రీ వేయించండి, లేదా బ్యాంకు మిత్ర దగ్గర బ్యాలెన్స్ చూసుకోండి. ఎన్టీఆర్ భరోసా పింఛను ఇంటి దగ్గరే చేతికి ఇస్తారు కాబట్టి దానికి బ్యాంకు మెసేజ్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

అలాగని మెసేజ్ రాకపోయినా ఫర్వాలేదని ఊరుకోవద్దు. ఈ-కేవైసీ ఓటీపీ, గ్యాస్ డెలివరీ కోడ్, గడువు తేదీ సమాచారం అన్నీ ఆ ఫోన్‌కే వస్తాయి. అవి అందకపోతే అర్హత ఉండి కూడా పని ఆగిపోతుంది.

ముందుగా ఈ చిన్న పరీక్ష చేయండి

ఇంట్లో వాళ్ల ఫోన్ నుంచి మీ నంబరుకు ఒక మామూలు ఎస్సెమ్మెస్ పంపించండి. వాట్సాప్ కాదు, ఎస్సెమ్మెస్సే. 5 నిమిషాలు ఆగి చూడండి.

• అసలు రాలేదా? ఇబ్బంది సిమ్‌లోనో, ఫోన్ మెమరీలోనో ఉంది. 1వ భాగం చదవండి.
• వచ్చింది కానీ మోగలేదా, పైన కనిపించలేదా? సెట్టింగ్స్ మార్చాలి. 2వ భాగం చదవండి.
• మోగుతూ చక్కగా వచ్చిందా? మీ ఫోన్ బాగానే ఉంది. రికార్డుల్లో వేరే నంబరు ఉండి ఉండొచ్చు. 3వ భాగం తప్పకుండా చదవండి.

1. మెసేజ్ అసలు రాకపోతే

రీఛార్జ్: ప్లాన్ గడువు అయిపోతే కొద్ది రోజులకు వచ్చే మెసేజ్‌లు కూడా ఆగిపోతాయి. వరుసగా 90 రోజులు సిమ్ ఏ విధంగానూ వాడకపోతే కంపెనీ దాన్ని రద్దు చేయొచ్చు. ఆ తర్వాత అదే నంబరు వేరేవాళ్లకు కూడా వెళ్లొచ్చు. అప్పుడు మీ ఓటీపీ వాళ్ల ఫోన్‌కు పోతుంది. అందుకే ఆధార్‌కు, బ్యాంకుకు ఇచ్చిన నంబరును వదిలేయకండి.

రెండు సిమ్‌లు: పథకానికి ఇచ్చిన నంబరు రెండో సిమ్ అయితే, అది ఆన్‌లో ఉందో లేదో సెట్టింగ్స్‌లో చూడండి.

కొత్త సిమ్: పాత నంబరుకే కొత్త సిమ్ కార్డు తీసుకుంటే, మోసాలు జరగకుండా మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు. ఒక రోజు ఆగి చూడండి.

మెమరీ: ఫొటోలు, వీడియోలతో ఫోన్ నిండిపోతే మెసేజ్‌కు చోటు ఉండదు. వాట్సాప్‌లో వచ్చిన పాత వీడియోలు తీసేయండి. కీప్యాడ్ ఫోన్ వాడేవాళ్లు ఇన్‌బాక్స్‌లోని పాత మెసేజ్‌లు తీసేస్తే చాలు.

ఇవన్నీ చూశాక ఫోన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి.

2. మెసేజ్ వచ్చినా తెలియకపోతే

ఫోన్ కంపెనీని బట్టి పేర్లు కొంచెం మారతాయి. చదవడం ఇబ్బంది అయితే ఈ పేజీ ఇంట్లో పిల్లలకు చూపించండి.

• స్పామ్ పెట్టె: కొన్నిసార్లు అసలైన మెసేజ్‌ను కూడా ఫోన్ పనికిరానిదనుకుని పక్కన పడేస్తుంది. మెసేజెస్ యాప్‌లో పైన మూలన ఉన్న మూడు గీతలు లేదా మీ ఫొటో గుర్తు నొక్కండి. "స్పామ్ అండ్ బ్లాక్డ్" అని ఉంటుంది. పరీక్ష మెసేజ్ బాగా వచ్చినవాళ్లు కూడా ఇది ఒకసారి చూడాలి.
• నోటిఫికేషన్స్: సెట్టింగ్స్ – యాప్స్ – మెసేజెస్ – నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి ఆన్ చేయండి. వాట్సాప్‌కు, బ్యాంకు యాప్‌కు కూడా ఇలాగే చేయాలి. కొత్త ఫోన్లలో యాప్ వేసుకోగానే "నోటిఫికేషన్లు పంపవచ్చా?" అని అడుగుతుంది. అక్కడ వద్దని నొక్కితే ఆ యాప్ ఇక మోగదు.
• డు నాట్ డిస్టర్బ్: పైనుంచి కిందికి లాగితే కనిపించే గుర్తుల్లో అర్ధచంద్రుడు గానీ, మధ్యలో గీత ఉన్న వృత్తం గానీ వెలుగుతుంటే దాన్ని ఆఫ్ చేయండి. పిల్లలు ఆడుకుంటూ నొక్కేసి ఉండొచ్చు.
• బ్యాటరీ సేవర్: ఛార్జింగ్ ఆదా కోసం ఫోన్ కొన్ని యాప్‌లను నిద్రపుచ్చుతుంది. యాప్ తెరిచినప్పుడు మాత్రమే మెసేజ్‌లన్నీ ఒక్కసారిగా వస్తున్నాయంటే కారణం ఇదే. ఆ యాప్ బ్యాటరీ సెట్టింగ్‌లో "నో రిస్ట్రిక్షన్స్" లేదా "అన్‌రిస్ట్రిక్టెడ్" పెట్టండి. రెడ్‌మీ, ఒప్పో, వివో, రియల్‌మీ ఫోన్లలో "ఆటోస్టార్ట్" అని ఉంటే అది కూడా ఆన్ చేయండి.
• వాట్సాప్: ఊరి గ్రూపును మ్యూట్ చేసినా, ఆర్కైవ్‌లో పెట్టినా మోగదు. ప్రభుత్వ మన మిత్ర నంబరు 95523 00009ను సేవ్ చేసుకుని "హాయ్" అని పంపండి. ఎప్పుడైనా బ్లాక్ చేసి ఉంటే తీసేయండి.

3. ఫోన్ బాగానే ఉండి మెసేజ్ రాకపోతే

ఇక్కడే ఎక్కువమంది పొరబడుతున్నారు. మీ ఫోన్ నంబరు ఒకే చోట ఉండదు. ఒక చోట మార్చిస్తే మిగతా చోట్ల దానంతట అది మారదు.

• ఆధార్‌లో ఉన్న నంబరుకు: ఈ-కేవైసీ, ఆధార్ ఓటీపీ
• బ్యాంకులో ఉన్న నంబరుకు: డబ్బు జమ అయిన మెసేజ్
• గ్యాస్ ఏజెన్సీలో ఉన్న నంబరుకు: బుకింగ్ సమాచారం, డెలివరీ కోడ్

చాలా ఇళ్లలో ఆధార్‌లో కొడుకు నంబరు, బ్యాంకులో పాత నంబరు, గ్యాస్ పుస్తకంలో భర్త నంబరు ఉంటాయి. కొడుకు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఉంటే ఓటీపీ అక్కడికే పోతుంది. ఇక్కడ అమ్మ కౌంటర్ దగ్గర నిలబడి ఉంటుంది.

ఆధార్: మై ఆధార్ వెబ్‌సైట్‌లో "చెక్ ఆధార్ వ్యాలిడిటీ" దగ్గర మీ ఆధార్ నంబరు కొడితే, జతచేసిన ఫోన్ నంబరు చివరి 3 అంకెలు కనిపిస్తాయి. దీనికి ఓటీపీ అక్కర్లేదు. నంబరు మార్చాలంటే ఆధార్ కేంద్రానికి స్వయంగా వెళ్లి వేలిముద్ర వేసి మార్చుకోవచ్చు. వేరే పత్రాలు అవసరం లేదు. నిర్ణీత రుసుము కట్టి రసీదు తీసుకోండి.

బ్యాంకు: పాస్‌బుక్, ఆధార్ తీసుకుని మీ బ్రాంచికి వెళ్లి నంబరు మార్పు ఫారం ఇవ్వండి. అక్కడే ఇంకో మాట అడగండి: "నా ఆధార్ ఏ ఖాతాకు లింకై ఉంది?" తల్లికి వందనం వంటి పథకాల సొమ్ము ఆధార్‌కు లింకైన ఖాతాలో పడుతుంది. మీకు రెండు ఖాతాలుంటే చివరిగా లింకైన ఖాతాకు వెళ్తుంది. మీరు ఒక పాస్‌బుక్‌లో వెతుకుతుంటే డబ్బు ఇంకో దాంట్లో ఉండొచ్చు.

గ్యాస్: దీపం-2 కింద ఏడాదికి 3 ఉచిత సిలిండర్లు, 4 నెలలకు ఒకటి చొప్పున వస్తాయి. బుక్ చేసే ముందే ఏజెన్సీలో మీ నంబరు సరిచూసుకోండి. బండి ఇంటి ముందుకొచ్చాక కోడ్ కోసం వెతుక్కోవడం కష్టం.

జాగ్రత్త: మెసేజ్ రాలేదన్న కంగారే మోసగాళ్లకు పెట్టుబడి

"మీ పథకం సొమ్ము ఆగిపోయింది, ఈ లింకు నొక్కండి" అని వాట్సాప్‌లో వస్తే నొక్కకండి. ముఖ్యంగా పీఎం కిసాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లను ఫోన్‌లో వేయకండి. అవి మీకొచ్చే ఓటీపీలను దొంగచాటుగా చదివి ఖాతా ఖాళీ చేస్తాయి.

అసలైన ప్రభుత్వ ఎస్సెమ్మెస్ మామూలు 10 అంకెల నంబరు నుంచి రాదు. పంపినవారి పేరు దగ్గర అక్షరాలు, చివర ఒక చిన్న గీత, దాని పక్కన ఇంగ్లిష్ "జి" అక్షరం ఉంటాయి. ట్రాయ్ 2025లో తెచ్చిన నిబంధనల ప్రకారం "జి" అంటే ప్రభుత్వ సమాచారం, "పి" అంటే వ్యాపార ప్రకటన.

ఫోన్‌లో అడిగినవారికి ఓటీపీ చెప్పొద్దు, ఎవరైనా సరే. గ్యాస్ డెలివరీ కోడ్ మాత్రం సిలిండర్ తెచ్చి మీ గుమ్మం ముందు నిలబడిన మనిషికే, సిలిండర్ తీసుకునేటప్పుడే చెప్పండి.

ఇవన్నీ చేసినా తేలకపోతే

ఆధార్, పాస్‌బుక్, రైస్ కార్డు, మీ ఫోన్ తీసుకుని గ్రామ లేదా వార్డు సచివాలయానికి వెళ్లండి. "మెసేజ్ రాలేదు" అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. "నా దరఖాస్తు స్థితి ఏమిటి? ఏ నంబరు నమోదైంది? సొమ్ము ఏ బ్యాంకుకు వెళ్లింది?" అని మూడు ప్రశ్నలు అడగండి. అక్కడ పరిష్కారం కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

దాచుకోవాల్సిన నంబర్లు

• ప్రభుత్వానికి ఫిర్యాదు: 1100
• ఆధార్: 1947
• పీఎం కిసాన్: 155261
• సైబర్ మోసం: 1930 (డబ్బు పోయిందని తెలిసిన వెంటనే చేయండి, ఆలస్యం చేస్తే డబ్బు చేతులు మారిపోతుంది)

మీ వీధిలో స్మార్ట్‌ఫోన్ కొత్తగా వాడుతున్న పెద్దవాళ్లు ఉంటే వారి ఫోన్‌కు కూడా ఒక ఎస్సెమ్మెస్ పంపి పరీక్షించండి. ఈ పేజీలు మీ వాట్సాప్ గ్రూపుల్లో పంపించండి.