రామప్పకు బయల్దేరే ముందు

వరంగల్ స్టేషన్‌లో రైలు దిగి "రామప్ప గుడికి ఎంత తీసుకుంటావ్?" అని ఆటోవాలాను అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గుడి ఊళ్లో లేదు బాబూ! అది ఉన్న పాలంపేట ఇప్పుడు ములుగు జిల్లా. హనుమకొండ నుంచి 65 కిలోమీటర్లకు పైమాటే. వేయిస్తంభాల గుడి, వరంగల్ ఖిలా, రామప్ప మూడూ ఒక్కపూటలో చుట్టేస్తే ఏదీ చూసినట్టు కాదు.

అపోహ: గుడంతా నీళ్లలో తేలే రాళ్లతో కట్టారు.
తేలేవి రాళ్లు కావు, ఇటుకలు. అవీ శిఖరంలోనే ఉన్నాయి. గర్భగుడి మీద బరువు తగ్గించడానికి సన్నటి రంధ్రాలుండే తేలిక ఇటుకలు వాడారు. గోడలది ఎర్రటి ఇసుకరాయి. చూరు కింద ఏటవాలుగా నిలిచిన మదనికలనే స్త్రీ శిల్పాలది నల్లరాయి. మెడ నొప్పెట్టేదాకా చూడాల్సింది వాళ్లనే: ఒకామె ఒంటిమీద పాములు, ఇంకొకామె కాళ్లకు ఎత్తు మడమల పాదరక్షలు. ఆ చెప్పులు చూపించి హైహీల్స్ ఇక్కడే పుట్టాయని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

అపోహ: గుడి కట్టించింది రామప్ప.
రామప్ప శిల్పి అని జనం చెప్పుకునే మాట. ఆవరణలో ఉన్న శాసనం చూడండి. కట్టించింది కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు, సంవత్సరం 1213, దేవుడు రుద్రేశ్వరుడు. రాజు పేరు కాదు, సేనాని పేరు కాదు, ఉలి పట్టినవాడిదని చెప్పుకునే పేరే నోళ్లలో నిలిచింది. నాకైతే ఇదే ముచ్చటగా ఉంటుంది.

అపోహ: మార్కోపోలో ఈ గుడిని చూసి తారలతో పోల్చాడు.
మార్కోపోలో పుస్తకంలో ఉన్నది సముద్రపు ఒడ్డు మోటుపల్లి: రాణి పాలన, వజ్రాలు, సన్నటి బట్టలు. పాలంపేట ఊసే లేదు. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చాక కూడా ఆ అరువు పొగడ్త దేనికో!

అపోహ: ఇసుక పునాది కాబట్టి గుడి చెక్కుచెదరలేదు.
మండపంలో చెప్పుల్లేకుండా నడిస్తే తెలుస్తుంది, నేల ఎక్కడెక్కడ ఎగుడుదిగుడైందో.

అపోహ: అది మ్యూజియం లాంటిది, పూజలుండవు.
నిత్యపూజ జరుగుతుంది, శివరాత్రికి జాతర కూడా. వెలుతురు ఉండగానే వెళ్లండి, తిరిగొస్తూ గుడి దగ్గరి చెరువుగట్టు ఎక్కండి. కాకతీయుల కాలంలో తవ్వించిన ఆ చెరువు కింద నేటికీ వరి పండుతోంది.