ఒకటే ఇంటిపేరు, పలు కొలువులు

కళాశాల విడిచిన బిడ్డకు పెద్ద వ్యాపార సంస్థనుండి నియామకపత్రము వచ్చెనని తెలియగనే బంధువులును, ఇరుగుపొరుగువారును మొదట అడుగునది ఆ సంస్థ పేరు. తరువాత అడుగునది జీతము. అక్కడ ఏ శాఖలో, ఏ పనిలో, ఏ ఊరిలో దినములు గడుపవలసియున్నదని అడుగువారు అరుదు. ఆ అరుదైన ప్రశ్నయే తక్కిన రెంటికంటెను ముఖ్యమైనదని నా నమ్మకము. ఏలయనగా బహువ్యాపార సంస్థలో పేరు ఒక్కటియే గాని, ఆ పేరు క్రింద సాగు జీవితములు ఒకదానితో ఒకటి పోలికలేనివి.

మన దేశమున ఇందులకు టాటా సంస్థలను మించిన దృష్టాంతము లేదు. 1868లో జంషెట్జీ టాటా ఒక చిన్న వర్తకసంస్థగా ప్రారంభించిన కార్యము, 1903లో బొంబాయి సముద్రతీరమున తాజ్ హోటలై, 1907లో ఉక్కు కంపెనీయై, 1932లో విమానసర్వీసై, 1939లో మిఠాపూరున రసాయన పరిశ్రమయై, 1968లో కంప్యూటర్ సేవల సంస్థయై, 1984లో గడియారముల కంపెనీయై శాఖోపశాఖలుగా విస్తరించినది. అంతదూరము పోనక్కరలేదు, మన హైదరాబాదు చుట్టుప్రక్కలనే చూడవచ్చును. ఆదిభట్లలో హెలికాప్టర్ల విడిభాగములు తయారగుచున్నవి. తూప్రాన్‌లో ఇన్‌స్టంట్ కాఫీ పొడి తయారగుచున్నది. ఒకనాడు నిజాము అతిథులు విడిది చేసిన ఫలక్‌నుమా సౌధము 2010నుండి తాజ్ హోటలుగా నడచుచున్నది. ఈ మూడుచోట్ల పనిచేయువారి సంస్థలకు ఇంటిపేరొక్కటే. కాని ఒకచోట మిల్లీమీటరులో లవలేశము తేడా వచ్చినను భాగము పనికిరాదు. మఱియొకచోట గింజ వేపుడులోని వాసనను, రుచిని బట్టి సరకు తూగును. వేఱొకచోట అతిథి ముఖకవళికయే కొలబద్ద.

వ్యాపారములను ఎంచుకొనుటలో సాధారణముగా జీతమును, నగరమును, హోదాను తూచుచుందురు. నా దృష్టిలో వీనికంటె లోతైన భేదమొకటి కలదు: చేసిన పనికి ఫలము ఎన్నాళ్లకు కనబడును అనునది. ఉక్కు కర్మాగారములోని బ్లాస్ట్ ఫర్నేసును తలచుకొనుడు. పైనుండి ఇనుప ఖనిజము, కోక్, సున్నపురాయి పడుచుండ, క్రిందనుండి ఉడుకుగాలి దూసికొనిపోవుచుండ, కొన్ని గంటలకొకమారు కరగిన లోహము ఎఱ్ఱని ప్రవాహమై కాలువలలోనికి దిగుచుండును; ఒకసారి వెలిగించిన ఆ కొలిమి పండుగలేదు, ఆదివారములేదు, సంవత్సరముల తరబడి మండుచునే యుండును. లోపలి ఇటుకల పొర ఎట్లుండవలెనని ఈనాడు నిర్ణయించిన ఇంజనీరుకు ఆ నిర్ణయము మంచిదో చెడ్డదో తెలియుటకు పది పదిహేనేండ్లైనను పట్టవచ్చును. హోటలులో అట్లు కాదు. రాత్రి మూడుగంటలకు విమానము దిగివచ్చిన అతిథికి గది సిద్ధముగా లేకున్న, తెల్లవారకముందే ఫిర్యాదు మేనేజరుకు చేరును. ఈ రాత్రి ఖాళీగా మిగిలిన గదిని రేపు అమ్ముకొనుటకు వీలులేదు. సాఫ్ట్‌వేరులో గడువులు నెలలలో నడచును, గడియారము మాత్రము ఖాతాదారుని దేశమును బట్టి నడచును. నగల వ్యాపారమైనచో పెండ్లిళ్ల ముహూర్తములను, అక్షయతృతీయను, ధనత్రయోదశిని అనుసరించి ఏడాదంతయు తిరుగుచుండును.

మామిడితోట వేసినవానికిని, ఆకుకూర మడి వేసినవానికిని ఇద్దఱికిని వ్యవసాయదారుడనియే పేరు; కాని మూడువారములలో కోత చూడనిదే ప్రాణమునకు తృప్తిలేనివాడు తోట వేసినచో చెట్టును తిట్టుకొనుచు బ్రతుకును. ఉద్యోగమున అసంతృప్తి పొందువారిలో ఎందఱో సమర్థులే. వారికి కొఱవడినది ప్రతిభ కాదు, తమ ఓర్పునకు తగిన వ్యాపారము.

మొదట ఎంచుకొన్న శాఖయే జన్మాంతము శరణ్యమా యన్న, కాదని చెప్పుటకు ఫకీర్‌చంద్ కోహ్లీ జీవితము చాలును. ఆయన అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో విద్యుత్ శాస్త్రము చదివి, 1951లో టాటా ఎలక్ట్రిక్ కంపెనీలలో చేరెను. విద్యుత్తు గోదాములో నిలువ చేసికొను సరకు కాదు. బొంబాయి మిల్లులు ఏ క్షణమున ఎంత కోరునో ఆ క్షణమున అంతయు పశ్చిమకనుమలలోని జలవిద్యుత్ కేంద్రములును, నగరమునందలి బాష్పకేంద్రములును పంచుకొని పంపవలెను. ఏ కేంద్రము ఎంత మోయవలెనో గణించి ఆజ్ఞలిచ్చు లోడ్ డిస్పాచ్ వ్యవస్థపై ఆయన ఏండ్ల తరబడి శ్రమించి, ఆ గణనకై కంప్యూటరును ఆశ్రయించెను. 1969లో ఆయనను, అప్పటికి ఏడాది వయస్సు గల టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కు పంపిరి. ఉక్కు కంపెనీకి పంచ్‌కార్డుల పనివంటి సోదరసంస్థల పనులే ఆనాడు దాని ఆధారము. మనసున విద్యుత్ ఇంజనీరైన ఆయన దానిని సాఫ్ట్‌వేరు పరిశ్రమకు పునాదిగా మలచెను. ఇందు గమనింపదగినది, ఆయన వట్టిచేతులతో దాటిపోలేదనుట. ఒక పెద్ద వ్యవస్థను భాగములుగా విడదీసి, ప్రతిభాగమును లెక్కకు లోబఱచి, మరల ఏకముగా నడపు విద్య విద్యుత్తులో పండినది. అదియే కంప్యూటర్లలోనికి ఆయనతో వచ్చినది.

శాఖలు మాఱుట మంచిదని సంస్థయే గుర్తించి అందులకు మార్గమును కూడ వేసినది. 1956లో జె.ఆర్.డి. టాటా స్థాపించిన టాటా అడ్మినిస్ట్రేటివ్ సర్వీసు అట్టిది. అందు చేరినవారు తొలిదశలో వేర్వేరు కంపెనీలలో పనిచేసి, పలు వ్యాపారముల పోకడ తెలిసికొందురు. 1961లో ఆ సర్వీసున చేరిన జెర్క్‌సెస్ దేశాయి ముద్రణశాల నడపి, ఆ పిమ్మట టైటాన్ గడియారములకు రూపకర్త అయ్యెను. అట్లని ఎల్లవారును దాటవలెనని కాదు. నటరాజన్ చంద్రశేఖరన్ 1987లో కన్సల్టెన్సీ సంస్థలో శిక్షణార్థిగా చేరి, అచ్చటనే మూడు దశాబ్దములు గడపి, 2009లో దాని అధిపతియై, 2017లో టాటా సన్స్ అధ్యక్షుడయ్యెను. ఒకచోటనే లోతుగా త్రవ్వుటయు మార్గమే. రెండేండ్లకొకమారు శాఖ మార్చి, దేనియందును వేళ్లూనక, అన్నింటను పరిచయము మాత్రమే సంపాదించుకొనుటను మాత్రము నేను ప్రోత్సహింపను. మొదటి నాలుగైదేండ్లు ఒక విద్యను గట్టిగా పట్టినవానినే రెండవ శాఖ ఆదరించును.

ఇక లోకవ్యవహారమునకు వత్తము. ఒకే ఇంటిపేరు గల ఈ సంస్థలు చట్టదృష్టిలో వేర్వేరు కంపెనీలు; ప్రతిదానికిని తన డైరెక్టర్ల బోర్డు, తన వాటాదారులు, తన వేతన నియమములు కలవు. కావున ఒకే కంపెనీలోని రెండు విభాగములనడుమ మాఱుట బదిలీ; రెండు కంపెనీలనడుమ మాఱుట పెక్కుమార్లు రాజీనామాయు, క్రొత్త నియామకమును. గ్రాట్యుటీకి సాధారణముగా ఐదేండ్ల నిరంతరసేవ కావలెను గనుక, పాతసేవను కొత్త కంపెనీ కలుపుకొనునా, సీనియారిటీ నిలుచునా అనునది వ్రాతమూలముగా తెలిసికొననిదే కదలరాదు. మాఱుటకు ఎవరి అనుమతి కావలెనో కూడ చేరుటకు ముందే అడుగవలెను. పనివానిని వదలుటకు ఇష్టపడని పైయధికారి యున్నచోట సంస్థలో ఎన్ని ద్వారములున్నను ప్రయోజనము లేదు.

జంషెడ్‌పూరు, మిఠాపూరువంటి పారిశ్రామిక పట్టణములలో క్వార్టరు, బడి, ఆసుపత్రి చేరువలో నుండును. కాని జీవిత భాగస్వామికి తగిన ఉద్యోగము అక్కడ దొరకునా అను ప్రశ్న పెండ్లియైన తరువాత గాక ముందే ఆలోచింపదగినది. మన ఇండ్లలో ఈ మాట ఆడపిల్లల విషయముననే లేవదీయుదురు. మగపిల్లలకును అది వర్తించును.

నియామకపత్రము చేత పట్టుకొనియున్న యువతీయువకులకు నా మనవి ఇది. సంతకము చేయుటకు ముందు ఆ శాఖలో మూడు నాలుగేండ్లుగా పనిచేయుచున్నవారి నొకరిని వెదకి, జీతము సంగతి విడిచి, గడచిన వారములో ఏ దినము ఏమి చేసితిరి, చేసినదాని ఫలము మీకెప్పుడు కనబడును అని అడుగుడు. వారు చెప్పిన వారము మీదైనచో మీకు సమ్మతమో కాదో తేల్చుకొని సంతకము చేయుడు.