ఊపిరాడని ఓవెన్

లోపం యంత్రంలో కాదు.. బిగించిన గూట్లో!
మెకానిక్‌ను పిలిచే ముందు ఓసారి చూసుకోండి

హోసూరు: కేకు సగం పొంగింది. లోపల బల్బు వెలుగుతూనే ఉంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. వేడి మాత్రం లేదు. క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు హోసూరు బాగలూరు రోడ్డులోని ఒక అపార్టుమెంటులో ఇదీ పరిస్థితి. ఇంట్లోనే కేకులు చేసి అమ్మే ఆ గృహిణి చేతిలో అప్పటికి పన్నెండు ఆర్డర్లున్నాయి. మొదటి కేకు బాగానే వచ్చింది. రెండోది నడుమ పచ్చిగా ఉండిపోయింది. మూడోది పెట్టే ధైర్యం చాల్లేదు.

మరుసటి రోజు ఉదయం మెకానిక్ వచ్చాడు. స్విచ్ వేస్తే ఓవెన్ చక్కగా వేడెక్కింది. 'బాగానే ఉంది కదక్కా' అని వెళ్లిపోయాడు. సాయంత్రానికి మళ్లీ అదే కథ. రెండోసారి వచ్చి థర్మోస్టాట్ మార్చాడు. మార్పేమీ లేదు. మూడోసారి 'బోర్డు పోయినట్టుంది, మార్చాల్సిందే' అన్నాడు. ఆ ఖర్చు కన్నా కొత్తది కొనడమే మేలని ఇంట్లో మాటలు మొదలయ్యాయి. చివరికి ఆ ఇంటికి వైరింగు చేసిన పెద్దాయనను పిలిపించారు. ఆయన ఓవెన్ జోలికే పోలేదు. కింది సొరుగు లాగి, చెయ్యి లోపలికి పెట్టి చూశాడు. 'దీనికేం కాలేదమ్మా. గాలాడక ఉక్కిరిబిక్కిరి అవుతా ఉంది, అంతే' అన్నాడు.

బొద్దింకల భయంతో..

ఆయన చూసింది ఇదీ. ఓవెన్ పెట్టిన గూటికి వెనక ప్లైవుడ్ పలక బిగించి ఉంది. కింది అర గోడ వరకూ ఆనుకుని ఉంది. నేల దగ్గర స్కర్టింగ్ పట్టీని సందు లేకుండా సిలికాన్‌తో మూసేశారు. బొద్దింకలు రాకూడదని ఇంటివారు అడిగితే కార్పెంటర్ చేసిన పని అది. పని శుభ్రంగానే ఉంది. కానీ గాలి వచ్చే దారీ లేదు, పోయే దారీ లేదు.

బెంగళూరు ఉద్యోగాల పుణ్యమా అని హోసూరు నుంచి వైట్‌ఫీల్డ్, మారతహళ్లి దాకా తెలుగువారి ఇళ్లలో మాడ్యులర్ కిచెన్లు మామూలైపోయాయి. వాటితోపాటే గోడ అల్మరాలో ఇమిడిపోయే బిల్ట్‌ఇన్ ఓవెన్లూ వచ్చాయి. గట్టు మీద పెట్టుకునే చిన్న ఓటీజీకి నాలుగు వైపులా గాలి తగులుతుంది. బిల్ట్‌ఇన్ ఓవెన్ అలా కాదు. దానికి కనిపించేది ముందు తలుపొక్కటే. మిగతా అన్ని వైపులా చెక్క. దాని సంగతి వంటమ్మకు ఎంత తెలియాలో వడ్రంగికీ అంత తెలియాలి. చాలా ఇళ్లలో ఓవెన్ కన్నా ముందే అల్మరా సిద్ధమవుతుంది. ఓవెన్ పెట్టెలో వచ్చే కొలతల కాగితం కార్పెంటర్ చేతికి చేరనే చేరదు. చిక్కంతా అక్కడే.

ఆగిపోవడం ఎందుకంటే..

బిల్ట్‌ఇన్ ఓవెన్ పైభాగంలో లోపలికి ఒక చల్లబరిచే ఫ్యాను ఉంటుంది. ఇది కేకు చుట్టూ వేడిగాలి తిప్పే ఫ్యాను కాదు. బయటి డొక్కు, స్విచ్చులు, వైర్లు వేడెక్కకుండా చూడటం దీని పని. గూట్లోంచి చల్లగాలి లాగి, తలుపుకూ మీటల పట్టీకీ మధ్యనున్న సన్నని సందులోంచి వేడిగాలిని బయటికి నెడుతుంది. గూట్లోకి కొత్త గాలి రాకపోతే వేడిగాలే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఒక హద్దు దాటగానే లోపలున్న భద్రతా కటౌట్ ఎలిమెంటుకు కరెంటు ఆపేస్తుంది. దీపం, ఫ్యాను పనిచేస్తూనే ఉంటాయి. వేడి మాత్రం రాదు. చల్లారాక చాలా మోడళ్లలో అదే మళ్లీ కలుస్తుంది. కొన్నింటిలో మెకానిక్ వచ్చి నొక్కితే తప్ప కలవదు.

అందుకే హోసూరు ఇంట్లో ఓవెన్ ఉదయం మెకానిక్ ముందు బుద్ధిగా పనిచేసింది. రాత్రంతా చల్లారింది కాబట్టి! మొదట బాగుండి, అరగంటో ముప్పావుగంటో గడిచాక ఆగి, చల్లారాక మళ్లీ పనిచేస్తే మొదట అనుమానించాల్సింది గాలి దారినే. ఆ తర్వాత చల్లబరిచే ఫ్యానును. ఓవెన్ వేడెక్కి పావుగంటయ్యాక మీటల పట్టీ కింది సందు దగ్గర అరచెయ్యి పెడితే వెచ్చటి గాలి తగలాలి. తగలకపోతే ఫ్యాను తిరగడం లేదన్నమాట.

ఓవెన్ కట్టేశాక కూడా ఈ ఫ్యాను కాసేపు తిరుగుతూనే ఉంటుంది. అది లోపం కాదు. శబ్దం వస్తోందని మెయిన్ స్విచ్ ఆపేయకూడదు. తలుపు పిడికి తడి తువ్వాలు ఆరేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. గాలి వచ్చే సందును అది మూసేస్తుంది.

గూడు ఎలా ఉండాలి?

మార్కెట్లో ఎక్కువగా దొరికే 60 సెంటీమీటర్ల ఓవెన్లకు గూడు లోపలి వెడల్పు సుమారు 56, ఎత్తు సుమారు 60, లోతు కనీసం 55 సెంటీమీటర్లు కావాలి. కంపెనీని బట్టి కొన్ని మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. కాబట్టి మోడల్ ఖరారయ్యాకే, దాని కాగితం చూసే చెక్క కోయించాలి. ఇంకా చూసుకోవాల్సినవి..

* ఓవెన్ గూటికి వెనక పలక ఉండకూడదు.

* ఓవెన్ కూర్చునే అరకూ, పైన ఇంకేదైనా యంత్రం ఉంటే దాని అరకూ, గోడకూ మధ్య సందు వదలాలి. చాలా మోడళ్లకు ఇది మూడున్నర నుంచి అయిదు సెంటీమీటర్లు.

* నేల దగ్గర పట్టీలో జాలీ పెట్టాలి. చల్లగాలి కింది నుంచి వస్తేనే వేడిగాలి పైకి కదులుతుంది. నిలువు అల్మరా అయితే పైన కూడా దారి ఉండాలి.

* బొద్దింకల భయం ఉంటే జాలీకి సన్నని స్టీలు వల వేయించుకోవచ్చు. దాన్ని నెలకోసారి దులపాలి. జిడ్డు, దుమ్ము పట్టిన వల మూసేసిన పలకతో సమానం.

* అల్మరా చెక్క, దాని జిగురు సుమారు 90 డిగ్రీల వేడికి ఓర్చుకోవాలి. మామూలు తెల్ల జిగురు వేడికి మెత్తబడుతుంది. పక్క అల్మరా తలుపుల అంచున లామినేట్ లేస్తున్నా, రంగు మారుతున్నా గూట్లో వేడి నిలుస్తోందని అర్థం.

* ఓవెన్ పైన గ్యాసు పొయ్యి ఉంటే రబ్బరు గొట్టం ఓవెన్ వెనకగా పోకూడదు. వేడి డొక్కుకు గొట్టం తగిలితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఈ ఒక్కటీ రేపు చూద్దామని వాయిదా వేసేది కాదు.

కరెంటు సంగతి

3000 వాట్ల ఓవెన్ 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. మిక్సీకి వాడే 6 ఆంపియర్ల సాకెట్ దీనికి చాలదు. 16 ఆంపియర్ల సాకెట్, విడిగా ఒక ఎంసీబీ, సరైన ఎర్తు తప్పనిసరి. సాకెట్ ఓవెన్ వెనక కాకుండా చెయ్యి అందేలా పక్క అల్మరాలో ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు పనికిరాదు. ప్లగ్గు వేడెక్కినా, సాకెట్ నల్లబడినా వాడకం ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

కరెంటు బిల్లులో మంజూరైన లోడు ఎంతో కూడా ఒకసారి చూసుకోవాలి. మూడు కిలోవాట్ల లోడున్న ఇంట్లో గీజరు, ఓవెన్ ఒకేసారి వేస్తే ఎంసీబీ పడిపోవడంలో వింతేమీ లేదు. అపార్టుమెంట్లలో జనరేటర్ లైనుకు పరిమితి ఉంటుంది. కరెంటు పోయి జనరేటర్ మీదికి మారినప్పుడు ఓవెన్ వేస్తే ఫ్లాటు మొత్తం చీకటవుతుంది.

వోల్టేజీ తగ్గితే వేడి అంతకన్నా ఎక్కువగా తగ్గుతుంది. 230 ఉండాల్సిన చోట 190 వస్తే ఎలిమెంటు ఇచ్చే వేడి దాదాపు మూడో వంతు పడిపోతుంది. సాయంత్రాలు మాత్రమే కేకు ఆలస్యమవుతుంటే ఓవెన్ కన్నా ముందు వోల్టేజీ కొలిపించాలి.

పిలిచే ముందు..

అసలు వేడెక్కకపోతే: కరెంటు పోయి వచ్చాక డిస్‌ప్లేలో సున్నాలు మిణుకుమంటున్నాయేమో చూడాలి. చాలా మోడళ్లలో గడియారం టైము సరిచేస్తే తప్ప ఓవెన్ వేడెక్కదు. ఈ చిన్న పనికే మెకానిక్‌కు డబ్బులిచ్చే ఇళ్లు ఉన్నాయి. పిల్లల లాక్ పడిందేమో కూడా చూడాలి.

కింద మాడి, పైన పచ్చిగా ఉంటే: ఓవెన్ అడుగున అల్యూమినియం రేకు పరిచారేమో చూడండి. శుభ్రంగా ఉంటుందని పరిచే రేకు వేడిని అడుగునే నిలుపుతుంది. లోపలి ఎనామెల్ కూడా పగలవచ్చు. రేకు లేకపోతే పై ఎలిమెంటు పోయిందేమో చూపించాలి. 2000 వాట్ల ఎలిమెంటును మీటరుతో కొలిస్తే సుమారు 26 ఓములు రావాలి. అసలేమీ చూపకపోతే అది తెగిపోయినట్టే. ప్లగ్గు తీసి చేయాల్సిన ఈ పరీక్ష ఎలక్ట్రీషియన్‌కే వదలాలి.

తలుపు పక్కల్నుంచి ఆవిరి వస్తుంటే: చల్లగా ఉన్నప్పుడు ఒక కాగితం ముక్క తలుపు మధ్య పెట్టి మూసి లాగి చూడాలి. అన్ని వైపులా కాస్త బిగువుగా ఉండాలి. ఎక్కడైనా జారిపోతే ఆ చోట రబ్బరు పట్టీ అరిగిపోయిందన్నమాట.

వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతే: తేమ ఎక్కువగా ఉండే యానాం, బరంపురం వైపు ఈ బాధ వర్షాకాలంలో ఎదురుకావచ్చు. ఎలిమెంటు గొట్టంలో ఉండే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి వాడని ఓవెన్లలో ఇది ఎక్కువ. పదిహేను రోజులకోసారైనా కాసేపు వేడి చేస్తుంటే తేమ చేరదు. పడిపోతోందని ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కనెక్షన్ ఇప్పించుకోవడం మాత్రం ప్రాణాలతో చెలగాటమే. ఎలిమెంటును పరీక్ష చేయించాలి.

పాత ఇంటి పాఠం

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఆ పెద్దాయన ఓవెన్‌కు కరెంటు తీసి, బయటికి లాగి, వెనక పలకను కోసేశాడు. అర వెనక నాలుగు వేళ్ల సందు వదిలాడు. స్కర్టింగ్ పట్టీకి జాలీ బిగించాడు. పన్నెండు ఆర్డర్లలో అయిదు అప్పటికే వెనక్కి పోయాయి. మిగతా ఏడు కేకులూ ఆ రాత్రే పూర్తయ్యాయి. ఓవెన్ ఒక్కసారీ ఆగలేదు. పాత థర్మోస్టాట్ ఇప్పటికీ ఆ ఇంటి సొరుగులో ఉంది. అందులో ఏ లోపమూ లేదు.

ఇదంతా చూసి ఎక్కువగా నవ్వింది ఆ ఇంటి అత్తగారు. 'మా పుట్టింటి మట్టిమిద్దెలో పొయ్యికి పైన గవాక్షి ఉండేది. వానొస్తే దాని మీద బండ మూసేవాళ్లం. వాన నిలిస్తే తీసేవాళ్లం. నిప్పు ఉండే చోట గాలికి దారుండాలని అప్పుడు ఎవురూ చెప్పబళ్లా' అన్నారామె.

పొయ్యి పోయి ఓవెన్ వచ్చింది. మిద్దె పోయి ఫ్లాటు వచ్చింది. గవాక్షి అవసరం మాత్రం పోలేదు. అల్మరా వెనక, చూపు ఆనని చోట, నాలుగు వేళ్ల సందుగా మిగిలింది.